అప్పగించుకోవడం అంటే ఏమిటి?



మన గోడ పత్రికలో ఇంతవరకు చెట్ల పెంపకం గురించి, పొదుపు గురించి, అల్లూరి సీతారామరాజు గురించి మంచి మంచి వ్యాసాలు వచ్చాయి. దేవుడి గురించి, ప్రార్థన గురించి ఎవరూ రాయలేదు. ఈ గోడ అందరిదీ కాబట్టి రాయొచ్చా రాయకూడదా అని సంపాదక వర్గం వాళ్ళని అడిగాను. "నీ అనుభవం రాసుకో, ఎవరినీ తక్కువ చెయ్యకు" అన్నారు. ఆ మాట దాటకుండా రాస్తున్నాను.

రాత్రి స్టడీ అవర్ అయ్యాక మన డార్మిటరీలో కొంతమందిమి కూర్చుని ప్రార్థన చేసుకుంటాం. అది చూసినవాళ్ళు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "నీ జీవితం దేవుడికి అప్పగించేశావు కదా, మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ లెక్కలెందుకు?" అని కొందరు. "అప్పగించేస్తే ఇంక నీ ఇష్టమంటూ ఏమీ వుండదా? పెద్దవాళ్ళు ఏది దేవుడి మాట అంటే అది చెయ్యాల్సిందేనా?" అని ఇంకొందరు. మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. రెండోదానికి తేలిక కాదు. ఆ రెండో ప్రశ్న పోయిన సంవత్సరం మా ఇంటి గుమ్మంలోకే వచ్చింది. అందుకని రెండిటికీ నాకు తెలిసినంతవరకు జవాబు రాస్తాను.

మాది నూజివీడు ప్రాంతం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా జనం మాత్రం నూజివీడు అనగానే మామిడి అనే అంటారు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ, ఇవన్నీ మా దగ్గర పండుతాయి. మేము లంబాడీలం. తోటల మధ్యలో మా తండా వుంది. మా భాషలో నాన్నని బాపు అంటాం, అమ్మని యాడి అంటాం. బాపు ఒక తోటకి కాపలా వుంటాడు. యాడి కాయల కాలంలో కోతలకి, మిగతా కాలంలో పొలం కూలికి వెళ్తుంది. మా తాత సేవాలాల్ మహరాజ్‌ని కొలుస్తాడు. బాపు, యాడి నేను పుట్టకముందే ప్రభువుని నమ్ముకున్నారు. తాత దీపం తాత పెట్టుకుంటాడు, మా ప్రార్థన మేం చేసుకుంటాం. దాని గురించి మా ఇంట్లో పెద్ద గొడవలేమీ లేవు.

మామిడి తోటలో బతికేవాళ్ళకి ఒక సంగతి చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఏది మన చేతిలో వుంది, ఏది లేదు అన్న సంగతి. మంచి అంటు ఎంచుకోవడం మన చేతిలో వుంది. గుంట తీసి ఎరువు వెయ్యడం, మొక్కకీ మొక్కకీ సుమారు పది మీటర్ల ఎడం వుంచడం మన చేతిలో వుంది. వానలు తగ్గాక, పూతకి ముందు నెలల్లో చెట్టుకి నీళ్ళు కట్టకుండా ఆపాలి. అప్పుడు నీళ్ళు కడితే చెట్టు పూత మానేసి లేత ఆకు వేస్తుంది. అంటే పని చెయ్యడమే కాదు, ఆగడం కూడా పనే. డిసెంబరు, జనవరి నెలల్లో పూత వస్తుంది. తేనెమంచు పురుగు పట్టకుండా మందు కొట్టాలి. ఇంతవరకు మనిషి పని.

ఆ తరువాత సంగతి వేరు. ఒక్కొక్క పూగుత్తికి వందలు, వేలు పూలుంటాయి. అందులో చివరిదాకా కాయగా నిలిచేవి ఏ రెండో మూడో. ఏ పువ్వు నిలబడాలో బాపు చెప్పలేడు. పూత మీద మబ్బు పట్టి వాన పడితే ఆపలేడు. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు కాయకపోతే దాన్ని తిట్టి లాభం లేదు. మామిడికి అది సహజం.

బాపు పెద్దగా చదువుకోలేదు. అయినా మొదటి ప్రశ్నకి జవాబు నాకు బాపు దగ్గరే దొరికింది. పొద్దున్నే తోటలోకి వెళ్ళి ఒక చెట్టు కింద నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. ఆమెన్ అన్నాక మందు డబ్బా భుజానికి తగిలించుకుంటాడు. మందు కొట్టాను కాబట్టి ప్రార్థన అక్కర్లేదు అనడు. ప్రార్థన చేశాను కాబట్టి మందు అక్కర్లేదు అనడు. నాలుగింటికి లేచి లెక్కలు చెయ్యడం నా పని. అది దేవుడు వచ్చి చెయ్యడు. చేసిన తరువాత ఏమవుతుందో అన్న బెంగ మాత్రం నేను మొయ్యను. అది ఆయన దగ్గర పెట్టేశాను. మొదటి ప్రశ్నకి ఇదే నా జవాబు.

నేను ఎప్పుడు, ఎలా అప్పగించుకున్నానో కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో మా వైపు యువజన కూటాలు జరిగాయి. తోటలోనే పందిరి వేశారు. మూడు రోజులు పాటలు, ప్రసంగాలు. చివరి రాత్రి, జీవితాన్ని ప్రభువుకి అప్పగించేవాళ్ళు ముందుకి రండి అన్నారు. చాలామంది ఏడుస్తూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. నాకు ఏడుపు రాలేదు. రానిదాన్ని తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

తరువాత వారం కోసిన కాయల రాశి దగ్గర యాడితో పాటు నేను కూడా కాపలా పడుకున్నాను. యాడి నిద్రపోయింది. అప్పుడు నాలో నేను అనుకున్నాను. నా చదువు, నా భయం, నా కోపం, నేను ముందు ముందు ఏమవుతానో అన్నది, అంతా నీకు ఇచ్చేస్తున్నాను ప్రభువా, నువ్వు నడిపించు అనుకున్నాను. మెరుపులేమీ రాలేదు. ఎవరి స్వరమూ వినిపించలేదు. దోమలు కుడుతూనే వున్నాయి. కాసేపటికి నేనూ నిద్రపోయాను. మరి ఏం మారింది అంటారా? ఇదివరకు ఒక్క మార్కు తగ్గితే నాకు ముద్ద దిగేది కాదు. పక్కమ్మాయి పేపరు వైపు చూసి లోపల లోపల కుమిలిపోయేదాన్ని. ఇప్పుడు అంతే చదువుతున్నాను, ఇంకా ఎక్కువే చదువుతున్నాను. కానీ చెయ్యి వణకడం లేదు.

మా తాత ఒక మాట అడిగాడు. "నిన్ను నువ్వు ఆయనకి ఇచ్చేసుకుంటే మనవాళ్ళకి కాకుండా పోతావా?" అన్నాడు. తాతకి తోట భాషలోనే చెప్పాను. అంటు మొక్కకి కింద వేరు నాటు టెంకది, పైన కొమ్మ రసానిది. కొమ్మ అతుక్కున్నంత మాత్రాన వేరు ఎక్కడికీ పోదు. మా గోర్ భాష, తీజ్ నాడు అక్కచెల్లెళ్ళు పాడే పాటలు, మా తండా, ఇవే నా వేర్లు. ఇంకో భయం కూడా మన పిల్లల్లో కొందరికి వుంది. క్రైస్తవులైతే ఎస్టీ సర్టిఫికెట్ పోతుంది అంటారు. 1950లో ఇచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం నిబంధన లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోనే ఆ నిబంధన వుంది. ఈ రెండూ కలిపేసి మాట్లాడుకుంటారు కాబట్టి ఇక్కడ రాశాను.

ఇక రెండో ప్రశ్న. కాయలు పెద్దవి కాకముందే, పూత మీదో పిందె మీదో తోటని ఒక సీజనుకి బేరం మాట్లాడుకుని గుత్తకి తీసుకోవడం మా వైపు మామూలు. బాపు, మా మామ కలిసి అప్పు తెచ్చి ఒక చిన్న తోట గుత్తకి తీసుకున్నారు. ఆ ఏడు పూత మీద వాన పడింది. పూత నల్లబడి రాలిపోయింది. అప్పు మిగిలింది.

పోయిన సంక్రాంతి సెలవులకి నేను ఇంట్లో వున్నాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా సంఘంలో పెద్దాయన ఒకరు ఇంటికి వచ్చారు. చాలా ఏళ్ళుగా మా ఇంట్లో ప్రార్థన చేసినవారే. ప్రార్థన అయ్యాక బాపుతో ఇలా అన్నారు. "తమ్ముడూ, దేవుడు నాకు చూపించాడు. ఫలానా వాళ్ళ అబ్బాయికి మీ పిల్లనిచ్చి చెయ్యమని. వాళ్ళు నీ బాకీ సంగతి కూడా చూసుకుంటారు. పిల్ల ఎట్లాగూ తన్ను తాను దేవుడికి అప్పగించుకుంది. కాబట్టి ఎదురు చెప్పదు."

ఆ చివరి మాటకి నా గుండె జారిపోయింది. ఎందుకంటే అది నా మాటే. కాయల రాశి దగ్గర నేను దేవుడితో అన్న మాట. దాన్ని తీసుకొచ్చి నా మెడకే తాడులా వేస్తున్నారు. కాదు అంటే నేను దేవుడికి ఎదురు తిరిగినట్టా? అవును అంటే నా చదువు ఏమవుతుంది? యాడి తల వంచుకుని బియ్యం చెరుగుతోంది. ఏమీ అనలేదు.

బాపు కాసేపు ఆగాడు. తరువాత అన్నాడు. "అన్నా, దేవుడు నీతో మాట్లాడి వుండొచ్చు. నేను కాదనను. కానీ ఆయనకి మా ఇంటి దారి కూడా తెలుసు గదా. పిల్ల నాది, అప్పు నాది. నాతో చెప్పేదాకా ఆగుతాను."

పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. అప్పుడు బాపు నా వైపు తిరిగి, "నీకేమన్నా చెప్పాడా?" అని అడిగాడు. "చదువుకోమనే అనిపిస్తోంది బాపూ" అన్నాను. "అనిపించడం వేరు, ఆయన చెప్పడం వేరు. నువ్వు కూడా తొందరపడకుండా వెతుక్కో" అన్నాడు. నన్ను వెనకేసుకొస్తాడు అనుకుంటే నాకు కూడా ఒక పని అప్పజెప్పాడు.

ఆ సెలవుల్లో బైబిలు కొత్తగా చదివాను. అందరికీ తెలిసిన సమూయేలు కథే. చిన్న పిల్లవాడు. గుడిలో పడుకుని వుంటే ఎవరో పేరు పెట్టి పిలిచారు. ముసలి యాజకుడు ఏలీ పిలిచాడేమో అని పరుగెత్తాడు. అలా మూడుసార్లు జరిగింది. అప్పుడు ఏలీకి అర్థమైంది, పిలుస్తున్నది దేవుడని. ఇక్కడ ఏలీ ఏం చేశాడో చూడండి. దేవుడు నీకు ఇదీ చెప్పదలచుకున్నాడు అని తానే చెప్పెయ్యలేదు. వెళ్ళి పడుకో, మళ్ళీ పిలిస్తే నువ్వే విను అని పంపించాడు. ఆ రాత్రి పిల్లవాడు విన్న మాట ఏలీ ఇంటికే వ్యతిరేకంగా వుంది. అయినా దాచకుండా చెప్పమన్నాడు. మంచి పెద్దవాళ్ళు అంటే అలా వుండాలి అనిపించింది. పిల్లల చెవికీ దేవుడికీ మధ్యలో వాళ్ళు నిలబడరు.

ఏసు ప్రభువు కూడా ఎవరినీ బలవంతాన తనవైపు లాక్కున్నట్టు సువార్తల్లో నాకు కనిపించలేదు. బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనిపిస్తూనే వుంది. అయినా నీకేం కావాలి అని ముందు అతన్ని అడిగాడు. ఆస్తి వున్న యువకుడు ఒకడు, వున్నదంతా ఇచ్చెయ్యమంటే దిగులుగా వెళ్ళిపోయాడు. వెనకనుంచి కేకలేసి శపించలేదు. గెత్సేమనే తోటలో తనకు తాను కూడా మొదట తన మనసులో వున్నది తండ్రికి చెప్పుకున్నాడు, ఈ బాధ తప్పించమని అడిగాడు. ఆ తరువాతే తండ్రి ఇష్టానికి వదిలిపెట్టాడు. అంటే అప్పగించుకునేవాడికి సొంత మనసు వుండకూడదని కాదు. మనసు లేనివాడు అప్పగించడానికి ఏముంది?

మన తెలుగు నేల మీద తమ జీవితాలు దేవుడికి అప్పగించుకున్నవాళ్ళ సంగతులు కూడా వెతికి చదివాను. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే దొర 1843లో ఒక బడి పెట్టాడు. తరువాత అదే నోబుల్ కాలేజీ అయింది. 1852లో ఆ బడి విద్యార్థులు ఇద్దరు, మంచాల రత్నం, ఐనాల భూషణం అనేవాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తే బడి దాదాపు ఖాళీ అయింది. ఆ కుర్రవాళ్ళకి ఇల్లు దూరమైంది, కులం దూరమైంది. ఆ తల్లిదండ్రుల దుఃఖం కూడా చిన్నది కాదు. తరువాత ఆ ఇద్దరూ పాదిరీలై తెలుగువాళ్ళ మధ్యే సేవ చేశారు.

ఇంకొకరి సంగతి మన బడిలో వున్న కోయ అన్నయ్యలకీ అక్కలకీ దగ్గరిది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం వుంది, ఇప్పుడది తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 1860 ప్రాంతంలో అక్కడ హేగ్ అనే ఇంజనీరు చేతి కింద ఆనకట్ట పనులు జరుగుతున్నాయి. ఆ పనుల్లో ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే ఆయన క్రీస్తుని నమ్మాడు. ఆ తరువాత ఉద్యోగం విడిచి కోయవారి మధ్య సేవకి నిలబడ్డాడు. అక్కడి కోయ మిషను అలా మొదలైంది.

భక్త్ సింగ్ గారి పేరు మన ఆంధ్ర క్రైస్తవుల ఇళ్ళలో చాలామందికి తెలుసు. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో బైబిలు చింపేసినవారే. కెనడాలో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువుతూ, 1929లో విన్నిపెగ్ పట్నంలో కొత్త నిబంధన చదివి ప్రభువుని అంగీకరించారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. 1933లో తిరిగివస్తే బొంబాయిలో తల్లిదండ్రులు కలిశారు. కుటుంబం పరువు కోసం నీ విశ్వాసం బయటపెట్టకు అని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. తరువాత హైదరాబాదులో హెబ్రోను స్థాపించి, 2000 సంవత్సరంలో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. సొంత ఏర్పాట్లు చేసుకోకుండా రోజు రోజూ దేవుడు నడిపిన చోటికి వెళ్ళడమే ఆయన నియమం.

ఈ నలుగురి సంగతులు పక్కపక్కన పెట్టి చూశాను. వీళ్ళు పోగొట్టుకున్నవి చాలా వున్నాయి. ఇల్లు, ఉద్యోగం, అమ్మానాన్నల తోడు. కానీ ఒక్కటి గమనించండి. ఎవరికి వాళ్ళు తమ జీవితాన్ని తామే ఇచ్చారు. వేరేవాళ్ళ జీవితాన్ని తీసుకెళ్ళి ఇచ్చి, దాన్ని భక్తి అనలేదు. నష్టం కూడా వాళ్ళే భరించారు. నా పెళ్ళి విషయంలో అలా కాదు. అప్పు తీరేది వేరేవాళ్ళది, మాట నిలిచేది వేరేవాళ్ళది, బడి మానేది మాత్రం నేను. దేవుడి పేరు పెట్టినా అది అప్పగించుకోవడం కాదు, అప్పగించెయ్యడం. రెండు మాటలూ దగ్గర దగ్గరగానే వున్నాయి. కానీ తేడా చాలా వుంది.

అయితే ఇది పెద్దవాళ్ళకి మాత్రమే వున్న ప్రమాదం కాదు. బాపు నన్ను వెతుక్కోమన్నది అందుకే. నా కోరికకి నేనే దేవుడి పేరు పెట్టుకునే ప్రమాదం కూడా వుంది. నూజివీడులో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ మా తోటల వైపే వుంది. పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇస్తారు. ఇంటరు, ఇంజనీరింగు కలిపి ఆరేళ్ళ చదువు. బస్సులో ఆ గేటు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నాకు అందులో చదవాలని వుంటుంది. ఇది దేవుడి చిత్తమా, నా ఆశా? ఆశే అయినా తప్పేమీ లేదు, దాన్ని ఆశ అనే చెప్పుకోవాలి. అందుకని నాకు నేను కొన్ని గుర్తులు పెట్టుకున్నాను. మీకూ పనికొస్తాయేమో చూడండి.

మొదటిది, ఆలస్యాన్ని తట్టుకుంటుందా? మా దగ్గర కాయని గడ్డిలో వేసి మాగబెడతారు. రోజులు పడుతుంది. తొందరపడేవాళ్ళు కార్బైడు పెడతారు. ఒక్క రాత్రిలో పైతోలు పసుపు తిరుగుతుంది, లోపల పులుపే. ఆరోగ్యానికి కూడా చెరుపు. ప్రభుత్వం 2011 ఆహార భద్రత నిబంధనల్లో దాన్ని నిషేధించింది. ఇప్పుడే, ఈ పూటే ఒప్పుకోవాలి, ఆలోచించకూడదు అని ఎవరన్నా అంటే అది కార్బైడు అనుకోండి. దేవుడు చెప్పింది అయితే రేపటికి కూడా నిలుస్తుంది.

రెండోది, ఎవరికి లాభం? చెప్పేవాళ్ళకే లాభం, వినేవాళ్ళకే నష్టం అయితే ఇంకోసారి ఆలోచించాలి. నా విషయంలో నేనే చెప్పుకుని నాకే లాభం అయినా అంతే.

మూడోది, కాదు అనే వీలు వుందా? కాదంటే శాపం తగులుతుంది, రోగం వస్తుంది అని బెదిరిస్తే అది ప్రభువు పద్ధతి కాదు. ఆయన వెళ్ళిపోయే యువకుణ్ణి వెళ్ళనిచ్చాడు.

నాలుగోది, అది చట్టానికీ న్యాయానికీ విరుద్ధంగా లేదా? 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకి 18 ఏళ్ళు నిండాలి. చిన్నపిల్లకి పెళ్ళి చెయ్యమని ఎవరికి ఏ దర్శనం వచ్చినా ఈ లెక్క మారదు. 1098 నంబరు గుర్తుపెట్టుకోండి. ఫోను చెయ్యడం అవిశ్వాసం కాదు. బాపు మందు డబ్బా లాంటిదే అది కూడా.

మా ఇంటి సంగతి ఏమైంది అంటే, పెళ్ళి మాట ఆగిపోయింది. కానీ అన్నీ బాగైపోలేదు. ఆ పెద్దాయన మా ఇంటికి ప్రార్థనకి రావడం మానేశారు. సంఘంలో కొందరు నన్ను లోబడని పిల్ల అంటున్నారు. ఆదివారం యాడి వెనక వరసలో కూర్చుంటోంది. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొస్తుంది. అప్పు ఇంకా వుంది. బాపు ఇప్పుడు రెండు తోటలకి కాపలా వుంటున్నాడు. యాడి ఆవకాయ కాలంలో కాయ ముక్కలు కొట్టే పనికి కూడా వెళ్ళింది. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ కోపం కూడా కాయల రాశి దగ్గర ఇచ్చేసిన వాటిలోదే. అది రోజూ తిరిగొస్తుంది, రోజూ మళ్ళీ ఇస్తున్నాను. అప్పగించుకోవడం ఒక్కరోజుతో అయిపోయే పని కాదని అలా తెలిసింది.

ఇంక ఒక ప్రశ్న మిగిలింది. దాన్ని ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. మార్చి నెలలో పరీక్షలు రాస్తాం. ట్రిపుల్ ఐటీ సీటు రాకపోతే? అప్పుడు కూడా దేవుడికి అప్పగించుకున్నాను అంటానా? చాలా రోజులు ఆలోచించాను. వస్తే దేవుడు గొప్పవాడు, రాకపోతే కాదు అంటే నేను ఆయనకి ఏమీ ఇవ్వనట్టే, బేరం ఆడినట్టే. పూత రాలిన ఏడు బాపు చెట్లు నరకలేదు. కొన్ని రోజులు సరిగ్గా అన్నం తినలేదు. తోటలో తిరిగి ఎండిన పుల్లలు ఏరాడు. తొలకరి పడగానే పాదులు తవ్వాడు. సీటు రాకపోతే నేనూ ఏడుస్తాను. ఏడ్చాక ఇంటరులో చేరతాను, అది ఎక్కడైనా సరే. ఎక్కడ చేరినా తెల్లవారుజామున నాలుగింటికే లేస్తాను.

మన బడిలో ప్రభువుని నమ్మినవాళ్ళున్నారు, అమ్మవార్లని కొలిచేవాళ్ళున్నారు, కొండ దేవతలని మొక్కేవాళ్ళున్నారు. ఎవరి నమ్మకం వాళ్ళది. కానీ ఈ ఒక్క మాట అందరికీ వర్తిస్తుందని నా ఉద్దేశం. దేవుడి పేరు చెప్పి ఎవరన్నా మీ జీవితాన్ని మీ చేతుల్లోంచి తీసుకోబోతే, ఏ మతం వాళ్ళయినా సరే, మా బాపు అడిగినట్టు అడగండి. మర్యాదగా అడగండి. దేవుడికి మా ఇంటి దారి కూడా తెలుసు కదా అని.

ఈ వ్యాసం మీద మీ అభిప్రాయాలు కాగితం మీద రాసి పత్రిక పక్కన వున్న డబ్బాలో వెయ్యండి. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పకుండా రాయండి.

ఇట్లు
మీ సోదరి,
10వ తరగతి, నూజివీడు మామిడి తోటల తండా నుంచి